చక్రాన్ని నేల మీదే కొలవాలి

గ్రంథాలయం, వెనక గది
మార్చి 6

ఒరేయ్ చక్రం,

ముప్పై నాలుగేళ్ళొచ్చి, సొంతంగా చక్రాల షాపు పెట్టుకున్నవాణ్ణి ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నానని మరదలు నవ్వుతోందట. నవ్వుకోనీ. పాత టైరు దొర్లించుకుంటూ బడికి వెళ్ళినవాడికి ఇంకో పేరెలా వస్తుంది?

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. నట్లు బిగించే గాలి గన్ను మోతకి నీ చెవులు సగం పోయాయి కదా, నేను రామాయణమంతా చెప్పినా "ఆ? ఆ?" తప్ప ఇంకోటి అనవు. అందుకే మన పద్ధతిలో ఉత్తరమే రాస్తున్నాను. ఇక్కడ మధ్యాహ్నం పూట పుస్తకాలు తీసుకునేవాళ్ళు తక్కువ. పేపరు చదువుతూ కునుకుతీసే ఇద్దరు పెద్దమనుషులు, నేను, అంతే.

సంగతేంటంటే, మీ బావకి యాభై నిండాయి. నిండిన వారానికే ఇంటి ముందు ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు నిలబడింది. కొత్తది కాదు, ఇంకొకరు వాడింది. "పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి వంగి చూసీ చూసీ నా నడుం వంగిపోయింది, ఇక నాకోసం ఒకటి కొనుక్కున్నాను" అన్నారు పళ్ళ డాక్టరుగారు. అందులో ఇద్దరే పడతారు. కూరగాయల సంచీ ఎక్కించాలంటే నేను దిగాలి. ఎక్కేటప్పుడు కూర్చోవడం ఉండదు, పడిపోవడమే. దిగేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు చెయ్యివ్వాలి.

ఇప్పుడు ఆయనకి కొత్త పిచ్చి పట్టుకుంది. ఉన్న చక్రాలు సన్నగా ఉన్నాయట. వెడల్పాటి అల్లాయ్ వీల్స్ వేయించాలట. "మీ తమ్ముడు ఉండగా మనకి లోటేంటి, ఏ సైజో రాయమను" అని రోజూ చెవిలో జోరీగలా పోరు. కాబట్టి ఏ సైజు వేయించాలో రాసెయ్, పుణ్యం ఉంటుంది.

కారు వచ్చిన రోజు ఆయన తాళాలు నా చేతిలో పెట్టి "ఒక్క రౌండు వేసి రా" అన్నారు. నేను తిరిగి ఇచ్చేశాను. ఆయన మళ్ళీ అడగలేదు. స్టీరింగు చూస్తే నాకు ఇంకా ఆ గోడే కనిపిస్తుందిరా. నడిపింది నేను, మలుపులో గోడకి కొట్టింది నేను, విరిగింది మాత్రం పక్క సీట్లో కూర్చున్న నీ కాలు. పన్నెండేళ్ళయింది. అమ్మా నాన్నా అందరూ ఏదో ఒకటి అన్నారు. నువ్వొక్కడివే ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆస్పత్రి మంచం మీద నువ్వు "పర్లేదులే అక్కా" అనకపోయి ఉంటే నేనేమైపోయేదాన్నో. ప్రతి ఉత్తరంలోనూ ఇదే రాస్తానని విసుక్కోకు. చెప్పకుండా ఉండలేను.

అక్క

*

చక్రాల షాపు, కౌంటరు దగ్గర
మార్చి 12

అక్కా,

ఉత్తరం అందింది. బావకి యాభై ఏళ్ళ శుభాకాంక్షలు చెప్పు. కారు మంచిదే. ఆ మోడల్ ఇంజను గట్టిది.

వెడల్పు చక్రాలు మాత్రం వద్దు. కంపెనీవాళ్ళు ఊరికే సన్నవి పెట్టరు. వెడల్పయితే స్టీరింగు బరువెక్కుతుంది. రోడ్డు మీద గాడి ఎటుంటే బండి అటే లాగుతుంది. వాన నీళ్ళు నిలిచినచోట సన్న టైరు నీటిని చీల్చుకుని పోతుంది, వెడల్పుది తేలుతుంది. ఒక మంచి కోసం మూడు తలనొప్పులు. బావకి అంత సరదాగా ఉంటే ఉన్న చక్రాలకే నల్ల రంగు వేయించుకోమను, బాగుంటుంది.

మీ మరదలు బాగుంది. షాపులో పని ఎక్కువగా ఉంది.

ఇంకొకటి. నాకు ప్రతిసారీ కృతజ్ఞతలు చెప్పకు. చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది.

తమ్ముడు

*

ఇల్లు, వంటింటి బల్ల
మార్చి 18

చక్రంగారికి,

చక్రాలు అమ్ముకుని బతికేవాడివి చక్రాలొద్దంటావేంటిరా? మిఠాయి కొట్టువాడు తీపి తినొద్దని బోర్డు పెట్టినట్టుంది. నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. నల్ల రంగు దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం చూడాలి. పన్ను పీకించుకున్న వాళ్ళు కూడా అలా పెట్టరు ముఖం.

ఏమైతేనేం, ఆయన ఆగే మనిషి కాదు. ఊరి చివర కొత్తగా ఒక షాపు తెరిచారు, అక్కడ అడిగేశారు. నేనూ వెంట వెళ్ళాను. నువ్వు చెప్పిన నీళ్ళ సంగతి, గాడి సంగతి అక్కడివాళ్ళని అడిగి నీ పరువు నిలబెట్టాను. వాళ్ళు కారుని జాకీ మీద ఎత్తారు, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి పెట్టి చూశారు. "చూడండమ్మా, పిడికిలి పడుతోంది, ఇంకా రెండంగుళాలు వెడల్పు పెట్టినా ఎక్కడా తగలదు" అన్నారు. ఇరవై తొమ్మిదో తారీఖున చక్రాలు వస్తాయి, అదే రోజు బిగిస్తారు. మీ బావ ఆ రోజు పేషంట్లెవరినీ రావద్దన్నారు. దేశంలో పళ్ళనొప్పులన్నీ ముప్పయ్యో తారీఖుకి వాయిదా.

ఇబ్బందిగా ఉంటుంది అన్నావు. ఎందుకురా ఇబ్బంది? నీకు తెలీదు కానీ, ఆ ప్రమాదం తర్వాత డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పని మానేసి గ్రంథాలయంలో పుస్తకాలకి ముద్రలు గుద్దుకునే పనిలో చేరినప్పుడు నాకు నా మీద అసహ్యం వేసేది. నీ మాట గుర్తు చేసుకుంటే అది తగ్గేది. నా తమ్ముడే నన్ను క్షమించాడు, ఇంకెవరేమనుకుంటే నాకేం అనుకునేదాన్ని. అది నా ధైర్యం. దానికి ఇబ్బంది పడతావేంటి, పిచ్చివాడా.

అక్క

*

చక్రాల షాపు, లోపలి గది
మార్చి 22

అక్కా,

ఇది కొరియర్లో పంపుతున్నాను. అంతకుముందే మీ మరదలి చేత ఫోన్ చేయించి, ఆ షాపులో చక్రాలు వేయించొద్దని బావకి చెప్పించాను. ఎందుకో ఆమె చెప్పలేదు, ఆమెకీ తెలీదు కాబట్టి. ఎందుకో చెప్పాల్సినవాణ్ణి నేను.

జాకీ మీద కొలవకూడదు. కారుని పైకెత్తితే చక్రం కిందికి వేలాడుతుంది, పైన పిడికిలి కాదు తలకాయైనా పడుతుంది. కారు నేల మీద ఉండి, లోపల మనుషులు కూర్చుని, స్ప్రింగు నొక్కుకుని, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు కదా అసలు ఎంత ఖాళీ ఉందో తెలిసేది. మడ్‌గార్డు లోపలి అంచులో రేకు మడిచి ఉంటుంది. టైరు దానికి తగులుతూ ఉంటే పైకి ఏమీ తెలీదు. చిన్న వాసన వస్తుంది, అంతే. ఆ అంచు టైరుని రోజూ కాస్త కాస్త కోస్తుంది. ఒక రోజు మలుపులో బరువంతా ఆ చక్రం మీద పడినప్పుడు టైరు పగులుతుంది.

ఇదంతా నాకెలా తెలుసో ఇప్పుడు చెప్తాను. దయచేసి చివరిదాకా చదువు.

నీకు డ్రైవింగ్ స్కూల్లో ఉద్యోగం పర్మనెంటైందని మన చిన్న కారుకి వెడల్పు చక్రాలు బహుమతి ఇచ్చాను గుర్తుందా. అప్పటికి నేను టైర్ల షాపులో పనికి చేరి ఎనిమిది నెలలు. మా మేస్త్రి లేని రోజు చూసి నేనే బిగించాను, నా సొంత లెక్కతో మొదటి పని అదే. ఆ షాపువాళ్ళు చేసినట్టే చేశాను. జాకీ మీద ఎత్తి, పిడికిలి పెట్టి చూసి, పడింది కదా అనుకున్నాను. నువ్వు కారు చుట్టూ తిరిగి చూసి, నా జుట్టు చెరిపి వెళ్ళావు. తొమ్మిది రోజుల తర్వాత గోడ.

ఆస్పత్రిలో మూడో రోజున మేస్త్రి వచ్చాడు. సంచిలోంచి టైరు ముక్క తీసి నా దుప్పటి మీద పెట్టాడు. "గోడకి కొట్టుకుని పగిలితే చిరుగుతుందిరా, దీన్ని చూడు, కత్తి పెట్టి గీసినట్టుంది. ఇది గోడ కంటే ముందే పగిలింది. మీ అక్క స్టీరింగు తిప్పినా బండి తిరిగి ఉండదు" అన్నాడు. "చెప్పడమా మానడమా అన్నది నీ ఇష్టం, చక్రం పెట్టింది నువ్వు" అని లేచి వెళ్ళిపోయాడు.

అదే రోజు సాయంత్రం నువ్వు ఫ్లాస్కులో టీ పట్టుకుని వచ్చావు. నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ "నన్ను తిట్టరా, కొట్టరా" అన్నావు. టైరు ముక్క నా దుప్పటి కిందే ఉంది. నేను చెప్పడానికే నోరు తెరిచాను. "పర్లేదులే అక్కా" అన్నాను.

మొదట, చెప్తే పనిలోంచి తీసేస్తారని భయపడ్డాను. తర్వాత నువ్వు ఉద్యోగం మానేశావు, అప్పుడు చెప్పాలంటే ఇంకా భయం. ఏళ్ళు గడిచేకొద్దీ నోరు బరువెక్కింది. నువ్వు ఉత్తరాల్లో కృతజ్ఞతలు రాసినప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా కూర్చునేవాణ్ణి. నువ్వు నన్ను పొగిడినంతగా నన్ను ఎవరూ శిక్షించలేదక్కా.

తప్పు నీది కాదు. నాది. ఇరవై తొమ్మిదో తారీఖు దాకా వచ్చింది కాబట్టి చెప్తున్నాను, లేకపోతే ఇప్పుడు కూడా చెప్పేవాణ్ణి కాదేమో. అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

తమ్ముడు

*

ఇల్లు
మార్చి 27

అందింది. చదివాను. చక్రాలు వేయించడం లేదు. ఇప్పుడింతకంటే రాయలేను.

*

చక్రాల షాపు
ఏప్రిల్ 10

అక్కా,

నన్ను క్షమించమని అడగడానికి రాయడం లేదు. బావ మీ మరదలికి ఫోన్ చేసి, కారుని నేల మీద ఉంచి ఎలా కొలవాలో అడిగారట. ఆయన ఎప్పుడైనా, ఎక్కడైనా వేయించుకోవచ్చు కాబట్టి పద్ధతి రాస్తున్నాను, ఇది చూపించు.

కొత్త చక్రం బిగించాక కారుని కిందికి దించాలి. ఇద్దరూ లోపల కూర్చోవాలి, పెట్రోలు నిండుగా ఉండాలి. మడ్‌గార్డు లోపలి అంచుకి నాలుగు వైపులా సుద్ద రాయాలి. స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ మెల్లగా ఎగుడుదిగుడు చోట నడపాలి. తర్వాత చూస్తే సుద్ద ఎక్కడైనా చెరిగిందంటే ఆ సైజు పనికిరాదు. ఎవరెన్ని చెప్పినా వినొద్దు.

మీ మరదలికి అంతా చెప్పేశాను. మూడో రోజు "మీ అక్కకి ఇంకో ఉత్తరం రాశారా" అని అడిగింది.

తమ్ముడు

*

గ్రంథాలయం, వెనక గది
ఏప్రిల్ 28

తమ్ముడూ,

నీ మీద కోపం రావడానికి నాకు పదహారు రోజులు పట్టింది. అలవాటు లేదు కదా. ముందు నీ తరఫునే మాట్లాడాను. చిన్నవాడు, భయపడ్డాడు అన్నాను మీ బావతో. పదిహేడో రోజున బస్సులో నిలబడి పనికి వెళ్తుంటే పక్కన ఒక డ్రైవింగ్ స్కూలు కారు ఆగింది. లోపల ఒక అమ్మాయి గేరు మార్చలేక తంటాలు పడుతోంది, పక్కన కూర్చున్న టీచరు ఆమె మీద అరుస్తున్నాడు. అరవకూడదురా. అరిస్తే కాలు క్లచ్‌ని ఇంకా గట్టిగా తొక్కుతుంది. నేను ఎంతమందికి అరవకుండా నేర్పానో. అప్పుడు వచ్చింది కోపం. బస్సులోనే ఒళ్ళంతా మండిపోయింది.

నేను ముగ్గురిని సగం నేర్పి వదిలేశాను, నీకు తెలుసా? అందులో ఒకావిడ టైలరు. "మీరు పక్కన కూర్చుంటేనే నాకు ధైర్యం మేడం" అనేది. నేను మళ్ళీ రానని చెప్పించినప్పుడు ఇంటికి వచ్చి తలుపు కొట్టింది. నేను తియ్యలేదు. నాకే రాని విద్య ఒకరికేం నేర్పుతాననుకున్నాను. నాకు వచ్చిన విద్యేరా అది. అంత బాగా ఇంకేదీ రాలేదు నాకు.

నీ పెళ్ళిలో నువ్వు కాస్త ఒరుగుతూ నడుస్తుంటే చూడలేక పక్క గదిలోకి వెళ్ళి ఏడ్చాను. నువ్వు నా వెనకే వచ్చావు. చూశావు. చూసి ఏం చేశావు? మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చావు. అప్పుడైనా చెప్పొచ్చు కదా. ఆ గదిలో మనిద్దరమే ఉన్నాం.

"పర్లేదు" అన్న ఆ ఒక్క మాటకి పన్నెండేళ్ళు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ దణ్ణాలన్నీ ఏం చేసుకోను? జవాబు రాయి. నీళ్ళు నమలకుండా రాయి.

అక్క

*

చక్రాల షాపు, కౌంటరు దగ్గర
మే 5

అక్కా,

పెళ్ళి రోజున చూశాను. చెప్పాలని వచ్చాను. గ్లాసు నీ చేతిలో పెట్టాక, ఎవరో పిలుస్తున్నారన్న వంక దొరికితే పారిపోయాను. నన్నెవరూ పిలవలేదు.

టైలరు సంగతి నాకు తెలీదు. తెలియని నష్టాలు ఇంకెన్ని ఉన్నాయో. వాటిని నేను తీర్చలేను. తీర్చగలనని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

నా షాపులో ఒక పద్ధతి ఉంది. ఏ కారుకి చక్రాలు మార్చినా, ఆ కారులో రోజూ తిరిగేవాళ్ళందరూ వచ్చి కూర్చోవాలి. ఒకాయన ముసలి తల్లిని కుర్చీతో సహా తీసుకొచ్చాడు. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు, జోకులేస్తారు, "ఇక్కడ చక్రాలు వేయించాలంటే చుట్టాలందర్నీ పిలవాలి" అంటారు. కానీ ఊళ్ళో నాకు మంచి పేరు దానివల్లే వచ్చింది. జాగ్రత్తపరుడు అంటారు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో నాకొక్కడికే తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. అందులో సగం నీ నుంచి తీసుకున్నదే.

ఇంకొక మాట. నేను నడుస్తున్నానంటే నీవల్లే. ఆరు నెలలు పొద్దున్నే ఆరింటికి వచ్చి, వరండాలో నా పక్కన నడిచావు. "ఇంకో పదడుగులు, పది అయ్యాక తిట్టుకో" అని నాతో దెబ్బలాడేదానివి. నీది కాని తప్పు తీర్చుకోవడానికి నన్ను నడిపించావు. అదంతా అబద్ధం మీద నిలబడిందని నువ్వు అనుకోవచ్చు. కాలు మాత్రం నిజంగానే బాగుపడింది. దానికి నేను ఇంతవరకు ఒక్కసారి కూడా నీకు కృతజ్ఞత చెప్పలేదు. చెప్తే నువ్వు తిరిగి చెప్తావని భయం. ఇప్పుడు చెప్తున్నాను.

తమ్ముడు

*

ఇల్లు, వంటింటి బల్ల
జూన్ 3

ఒరేయ్ చక్రం,

పాత పిలుపు వచ్చేసింది, కొట్టెయ్యబుద్ధి కాలేదు.

నిన్న ఒకటి జరిగింది. క్లినిక్కుకి భోజనం పట్టుకెళ్ళాను. వెనక సందులో మీ బావ కారు పెట్టారు, దానికి ఎదురుగా మందుల వ్యాను వచ్చి హారను మోగిస్తోంది. లోపలికి వెళ్తే ఆయన రెండు చేతులూ ఒకాయన నోట్లో ఉన్నాయి. తలెత్తకుండానే "తాళాలు కోటు జేబులో ఉన్నాయి, నువ్వు తీసి పక్కన పెట్టు" అన్నారు. నోరు తెరుచుకున్న పేషంటు కూడా కళ్ళతో నావైపే చూస్తున్నాడు, త్వరగా వెళ్ళమ్మా అన్నట్టు.

వెళ్ళాను. తీశాను. వెనక్కి తీయాలి, ఒక పక్క మురుక్కాలవ, ఒక పక్క గోడ. అవునురా, గోడే. జానెడు ఖాళీ వదిలి వెనక్కి తీసి, మూల తిప్పి, ఒక్కసారికే పెట్టేశాను. వ్యాను డ్రైవరు వెళ్తూ వెళ్తూ బొటనవేలు చూపించాడు. ఇంజను ఆపాక గుర్తొచ్చింది, నేను బండి నడిపానని. నా చేతులు చూసుకున్నాను. పన్నెండేళ్ళు వాటిని దొంగ చేతుల్లా ఒళ్ళో దాచుకుని తిరిగాను. వాటి తప్పేం లేదని మీ మేస్త్రి టైరు ముక్క చెప్పింది, నీ ఉత్తరం చెప్పింది. నేను నమ్మడానికే ఇంత టైము పట్టింది.

అక్కడే కూర్చుని ఏడ్చాను. తర్వాత ఆకలేసింది. మీ బావ కోసం తెచ్చిన డబ్బాలోంచి సగం తినేశాను.

నా కోపం పోయిందని రాయను. అది అప్పుడప్పుడు వస్తుంది, బస్సు ఆలస్యమైనప్పుడు మరీ వస్తుంది. కానీ రోజంతా ఆలోచించాను. నువ్వు నోరు మూసుకుని ఉంటే నాకు తెలిసే దారే లేదు. మేస్త్రి పోయాడు, టైరు ముక్క ఎక్కడుందో ఎవరికీ తెలీదు. జీవితాంతం నేను నిన్ను పొగుడుతూనే ఉండేదాన్ని, నువ్వు హాయిగా పొగిడించుకుంటూనే ఉండొచ్చు. అది వదులుకుని చెప్పావు. నన్ను పోగొట్టుకుంటానని తెలిసి చెప్పావు. మీ బావ ప్రాణం మీదకి రాకుండా చెప్పావు. అందుకు నీకు కృతజ్ఞతలు. ఈసారి ఇబ్బంది పడకు, ఇది నీకు చెందినదే.

అంతా నీ నెత్తిన వేసుకోకు కూడా. ఆ రోజు నేనూ మెల్లగా ఏమీ నడపలేదు, కొత్త చక్రాలు కదా అని నీ ముందు కాస్త గొప్ప చూపించుకున్నాను. నీకూ తెలుసది. నువ్వు ఉత్తరంలో రాయలేదు. గమనించాను.

ఆ కొత్త షాపువాళ్ళిచ్చిన చక్రాల పోస్టరుని మీ బావ మా ముందు గదిలో అంటించారు, అది ఇంకా అక్కడే ఉంది. నువ్వే వేయాలి. నేను తీసుకొస్తాను కారు. నేనే నడిపి తెస్తాను. వద్దంటే ఇప్పుడే చెప్పు.

అక్క

*

చక్రాల షాపు
జూన్ 8

అక్కా,

రండి. శనివారం వేరే పనులేవీ పెట్టుకోవడం లేదు. రెండు సైజులు తెప్పించాను, బావ అడిగింది ఒకటి, దానికంటే అరంగుళం తక్కువది ఒకటి. పెట్రోలు నిండుగా కొట్టించుకుని రండి. బావ ఆ రోజు తక్కువ తిని రాకూడదు, నాకు అసలు బరువు కావాలి.

మీ మరదలు వారం నుంచి ఇల్లు తుడుస్తూనే ఉంది.

దారిలో మెల్లగా రా అని రాసి కొట్టేశాను. ఎలా నడపాలో నీకు నేను చెప్పేదేంటి.

తమ్ముడు

*

ఇల్లు, ముందు గది
జూన్ 17

చక్రం,

చేరాం. ముందు ఆ మాట రాయమని మరదలు వందసార్లు చెప్పింది కాబట్టి రాశాను.

నీ షాపులో నేను పెద్దగా మాట్లాడలేదు, నువ్వూ మాట్లాడలేదు. వచ్చినందుకు నువ్వు ఏడుస్తావేమోనని నేను భయపడ్డాను, నేను తిడతానేమోనని నువ్వు భయపడ్డావు. చివరికి ఇద్దరం చక్రాల గురించే మాట్లాడుకున్నాం. నయమైంది. మమ్మల్నిద్దర్నీ లోపల కూర్చోబెట్టి, ఆ కాలు ఒక పక్కకి చాపుకుని నేల మీద పడుకుని, సుద్ద ముక్కతో మడ్‌గార్డు కిందికి దూరావు చూడు, అప్పుడు నాకు నీ చెప్పులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. స్టీరింగు అటూ ఇటూ తిప్పుతూ నేను ఆ చెప్పులనే చూస్తూ కూర్చున్నాను. ఈ పని ఎంతమందికి చేసుంటాడు వీడు అనుకున్నాను. వాళ్ళలో ఒక్కరికీ గోడ తగలలేదు కదా. ఆ లెక్క నాకు సంతోషంగా ఉందిరా. నా పన్నెండేళ్ళు వాళ్ళ చక్రాల కింద కాస్తయినా పనికొచ్చాయి.

బావ అడిగిన సైజుకి వెంట్రుకవాసి సుద్ద చెరిగినప్పుడు ఆయన "ఇంతేగా, ఇంత కూడా తగలకూడదా" అని బతిమాలారు. నువ్వు ఆయన్నే అడిగావు, "కొత్త పన్ను పెట్టాక రంగు కాగితం కొరికించి చూస్తారు కదా బావా, ఇంత ఎత్తుంటే వదిలేస్తారా?" అని. పాతికేళ్ళలో మీ బావ నోరు మూయించినవాడివి నువ్వొక్కడివే. అరంగుళం తక్కువవే బాగున్నాయని ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ ఆయనే చెప్తున్నారు, మొదటి నుంచీ తనకి అవే నచ్చినట్టు.

సోమవారం డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి అడిగాను. వారానికి మూడు సాయంత్రాలు రమ్మన్నారు. గ్రంథాలయం మానడం లేదు, పెద్దమనుషుల్ని నిద్ర లేపేవాళ్ళు కావాలి కదా.

అసలు సంగతి చివరికి ఉంచాను. తిరిగి వచ్చేటప్పుడు నాలుగు గంటల దారి నేనే నడిపాను. మీ ఊరు దాటాక వాన మొదలైంది. పెద్ద వానే. నువ్వు చెప్పినట్టు నీళ్ళు నిలిచినచోట వేగం తగ్గించాను, స్టీరింగు కాస్త బరువుగానే ఉంది, నాకు నచ్చింది. ఘాట్ రోడ్డు మలుపులు వచ్చాయి. ఏడో మలుపు దగ్గర నేనేదో అడిగితే మీ బావ జవాబివ్వలేదు. భయపడి బిగుసుకుపోయారేమోనని తిరిగి చూశాను. నోరు తెరుచుకుని, తల తలుపుకి ఆనించుకుని, గుర్రు పెట్టి నిద్రపోతున్నారు. వానలో, మలుపుల్లో, నేను నడుపుతుంటే, నా పక్క సీట్లో ఒక మనిషి నిద్రపోయాడురా తమ్ముడూ.

నేను లేపలేదు. ఇల్లు వచ్చి ఇంజను ఆపాక కూడా ఆయన లేచేదాకా అలాగే కూర్చున్నాను.

అక్క